బిట్ పేపర్లు పూర్తిగా ఎత్తేయాలా?

పరీక్షార్థి: మిషన్ దిద్దే బిట్ పేపర్లు ఎత్తేసి అన్నీ రాసే ప్రశ్నలే పెట్టాలంటాను. ఏమీ చదవనివాడు కూడా గుడ్డిగా టిక్కులు పెట్టుకుంటూ పోతే నాలుగింట్లో ఒకటి తగులుతుంది. ఇక వాడికి ఏం వచ్చో, ఏం రాదో ఎలా తెలుస్తుంది?

లెక్కలటీచర్: గుడ్డి టిక్కులకు మందు ఉందండి. నాలుగు ఆప్షన్లున్నప్పుడు తప్పుకి మూడో వంతు మార్కు కోస్తే, అలా పెట్టినవాడికి సగటున మిగిలేది సున్నా. పావు మార్కే కోస్తే మాత్రం వాడికే కాస్త లాభం.

నా దృష్టిలో తప్పు మిషన్‌ది కాదు, జవాబు కళ్ల ముందు పెట్టడంది. ఒక సంఖ్యను రెట్టింపు చేసి 7 కలిపితే 19, ఆ సంఖ్య ఎంత? ఆప్షన్లు 6, 12, 13, 24. చూడటానికి మంచి బిట్టే. 12 పెట్టినవాడు సగం చేయడం మర్చిపోయాడు, 13 పెట్టినవాడు 7 తీసేయాల్సింది పోయి కలిపాడు, 24 అయితే సగం చేయాల్సిన చోట రెట్టింపు చేశాడు. ఎవరు ఎక్కడ తప్పారో వెంటనే దొరుకుతుంది. కానీ లెక్క రానివాడు కూడా ఒక్కో ఆప్షన్ వేసి చూసుకుంటే 6 దగ్గర ఆగుతాడు. అదే ప్రశ్నకు ఆప్షన్లు తీసేసి ఖాళీ గడిలో అంకె కొట్టమనండి, దిద్దేది అప్పుడూ మిషనే, ఆ దొడ్డిదారి మాత్రం ఉండదు.

ఇక చేత్తో దిద్దితే న్యాయం జరుగుతుందని అంత ధీమా వద్దు. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీష్ జవాబుపత్రాన్ని వంద మందికి పైగా టీచర్లతో దిద్దించి 1912లో ఫలితాలు అచ్చువేశారు. నూటికి 30 మార్కులకు మించి తేడా వచ్చింది. రాసిన పిల్లవాడు ఒక్కడే, పేపరూ ఒక్కటే!

పరీక్షార్థి: సరే, కానీ మీ ఖాళీ గడి ఇంకా కఠినం కదండీ. పద్ధతంతా సరిగ్గా చేసి చివరి తీసివేతలో పొరపడినవాడికీ, ఏదో ఒక అంకె కొట్టినవాడికీ ఒకే సున్నా. స్టెప్ మార్కులు ఎవరిస్తారు? సిద్ధాంతం రుజువు చేయమంటే గడిలో ఏం కొడతారు?

లెక్కలటీచర్: రుజువులు, వాదనలు రాయించాల్సిందే, అక్కడ మీతోనే ఉన్నాను. కాకపోతే ఒకరి మార్కులు మరొకరికి కనపడకుండా ఇద్దరితో దిద్దించాలి, తేడా పెద్దదైతే మూడో మనిషి చూడాలి. పేపరంతా అలా దిద్దించడం కష్టం కాబట్టే రాసే ప్రశ్నలు కొన్నే ఉంచి, సిలబస్ మొత్తాన్ని తడమడానికి గడులూ బిట్లూ ఉండనివ్వమంటున్నాను.