పాటకి ముందొచ్చే పియానో బిట్ ఎవరిది? హార్గస్ రాబిన్స్ మీద చర్చ

రాత్రిరేడియో:
1977లో అమెరికన్ కంట్రీ గాయని క్రిస్టల్ గేల్ పాడిన 'డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ' వినండి. గొంతు ఇంకా రాదు, పియానో వస్తుంది, పాట ఏదో తెలిసిపోతుంది. ఆ బిట్ స్టూడియోలో కట్టింది చూపు లేని పియానిస్టు హార్గస్ 'పిగ్' రాబిన్స్. పాట రాసిన రిచర్డ్ లీకి రాయల్టీ వచ్చింది. రాబిన్స్‌కి సెషన్ డబ్బులు, అంటే స్టూడియోలో వాయించిన పూటకి కూలి మాత్రమే. ఇది అన్యాయం. ఆ బిట్ కట్టినందుకు పాటలో వాటా ఇవ్వాల్సింది. మీరేమంటారు?

లెక్కలమనిషి:
నేను ఒప్పుకోను అన్నా. కంట్రీ పాటల రికార్డింగ్‌కి పేరున్న అమెరికా ఊరు నాష్‌విల్‌లో సెషన్ అంటే మూడు గంటలు, రేటు వాద్యకారుల యూనియన్‌ది. పాట హిట్టయినా ఫట్టయినా ఆ డబ్బు చేతికొస్తుంది. నష్టంలో భాగం లేనప్పుడు లాభంలో వాటా ఎలా అడుగుతాం? పైగా గిటార్, బాస్, డ్రమ్స్ వాళ్లు కూడా తమ బిట్లు అక్కడికక్కడే కట్టేవాళ్లు. అందరికీ పంచితే రాసినవాడికి ఏం మిగులుతుంది? అమెరికాలో ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకే పైసా రాదు. గుర్తింపు అంటారా, ఆ పాటకి గ్రామీలు వచ్చిన 1978 వేడుకలోనే రాబిన్స్‌కీ వాద్య విభాగంలో గ్రామీ వచ్చింది. 2012లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

తెల్లమెట్లు:
నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పల్లవిలో ఒక స్వరం తప్పినా జనం క్షమిస్తారు కానీ ఓపెనింగ్ బిట్ తప్పితే తలలు తిప్పి చూస్తారు. అందుకే నేను రాత్రిరేడియో గారి వైపు.

రాబిన్స్‌కి మూడేళ్లప్పుడు కత్తి తగిలి చూపు పోయింది. ఏడేళ్లకి నాష్‌విల్‌లోని అంధుల బడిలో పియానో మొదలుపెట్టాడు. వాయించకూడని వేళల్లో ఫైర్ ఎస్కేప్ గుండా దూరి వాయించేవాడు. ఒళ్లంతా మసి. 'పిగ్' అన్న పేరు అలా వచ్చిందే. 1959లో జార్జ్ జోన్స్ పాట 'వైట్ లైట్నింగ్'తో పేరొచ్చింది, 1966లో బాబ్ డిలాన్ ఆల్బమ్ 'బ్లాండ్ ఆన్ బ్లాండ్'కీ వాయించాడు.

నాష్‌విల్ స్టూడియోలో కార్డ్స్‌ని (కలిపి వాయించే స్వరాల గుంపుల్ని) 1, 4, 5 అని అంకెల్లో రాసుకుంటారు. మిగతావాళ్ల ముందు ఆ కాగితం ఉండేది. ఈయన మాత్రం పాట విని మనసులోనే పెట్టుకునేవాడు. 1973లో 'బిహైండ్ క్లోజ్డ్ డోర్స్' పాడిన చార్లీ రిచ్ స్వయంగా మంచి పియానిస్టు. ఆ రికార్డు మీద కూడా పియానో రాబిన్స్‌దే! అలాంటి మనిషికి మూడు గంటల రేటు కట్టి సరిపెట్టడం నాకు మింగుడుపడదు.

లెక్కలమనిషి:
ఆయన గొప్పతనం గురించి నాకూ రెండో మాట లేదు. కానీ ఏ బిట్‌కి వాటా ఇవ్వాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఎవరు తేలుస్తారు?

రాత్రిరేడియో:
గొంతు తీసేసి ఆ బిట్ ఒక్కటే వినిపించండి. వినేవాడు పాట పేరు చెప్పగలిగితే వాటా ఇవ్వాలి. గిటార్ వాళ్లకైనా ఇదే లెక్క.

లెక్కలమనిషి:
ఆ లెక్కన 'బ్రౌన్ ఐస్' వరకు ఒప్పుకుంటాను. మిగతా పాటలు ఒక్కొక్కటే తీసుకురండి, విందాం.