పోత అల్యూమినియం భాగాలకు మెరుగు పెడుతుంటే పాత గీతలు మళ్లీ తేలుతున్నాయి: పని త్వరగా తెమిలే మార్గం ఏది?

ప్రశ్న

నమస్కారం. ఒక పాత కారు ఇంజిన్‌ను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ కూర్చే పనిలో ఉన్నాను. వాల్వ్ కవరు, ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజిన్‌లోకి గాలిని పంపే గొట్టాల భాగం), ఆల్టర్నేటరు బ్రాకెట్టు పోత పోసిన లోహంతో చేసినవే. వాటిని అద్దంలా మెరిపించాలని ఉంది. వాల్వ్ కవరును 120 నంబరు సాండ్ పేపరుతో (నంబరు పెరిగేకొద్దీ పేపరు సన్నబడుతుంది) మొదలుపెట్టి 240, 400, 800 వరకు తీసుకొచ్చి బఫ్ చక్రానికి (మెరుగు పెట్టే గుడ్డ చక్రానికి) ఆనించగానే, అంతవరకు కంటికి ఆనని లోతైన గీతలు, వాటి పక్కనే సూదిమొనంత గుంటలు బయటపడ్డాయి. వెనక్కి 240కి వెళ్లి రుద్దితే కొన్ని పోతున్నాయి, మరికొన్ని కొత్తగా కనిపిస్తున్నాయి. మానిఫోల్డు గొట్టాల మధ్య సందుల్లోకి వేలికొన తప్ప మరేదీ పోవడం లేదు. నా దగ్గర చేతి డ్రిల్లు, చిన్న డై గ్రైండరు, బెంచి మోటారుకు బిగించిన బఫ్ చక్రం ఉన్నాయి. ఈ పనిలో వృథా శ్రమ ఎక్కడ జరుగుతోందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి జవాబు

మీరు 240 దగ్గర పడుతున్న శ్రమలో చాలా భాగం 80 దగ్గరే తీరిపోవలసింది. ఇసుక అచ్చులో పోసిన భాగం మీద ఇసుక రేణువుల ముద్ర మొత్తం ఉంటుంది. దానిని చదును చేయడమే అసలు పని, తక్కినదంతా ఆ చదును మీద గీతలను సన్నబరచుకుంటూ పోవడమే. సన్నని పేపరుతో గుట్టలను అరగదీయబోతే గుట్టల తలలు మెరుస్తాయి, లోయలు అలాగే మిగులుతాయి, చేతులు మాత్రం పడిపోతాయి. కాబట్టి అచ్చు అతుకు గీతలను, పొడుచుకొచ్చిన అంచులను ఆకురాయితో గాని, గ్రైండరుకు బిగించి తిప్పే పళ్లున్న కార్బైడ్ బర్‌తో గాని తీసేసి, 80 నంబరుతో ఉపరితలమంతా ఒకే తీరుగా వచ్చేవరకు రుద్దండి. ఆ తరువాత 120, 180, 240, 320 చకచకా సాగిపోతాయి.

ప్రతి నంబరుకూ రుద్దే దిశను అడ్డంగా మార్చండి. 120ని నిలువుగా రుద్దితే 180ని అడ్డంగా రుద్దాలి. నిలువు గీత ఒక్కటైనా మిగిలి ఉంటే అది వెంటనే పట్టుబడుతుంది. నంబరు మార్చే ముందు మార్కరు పెన్నుతో భాగమంతా అడ్డదిడ్డంగా గీసి, ఆ సిరా పూర్తిగా పోయేదాకా రుద్దడం మరో పద్ధతి. పల్లంగా ఉన్న చోట సిరా మొండిగా నిలిచి మీకు చోటు చూపిస్తుంది. టార్చిలైటును పైనుంచి కాక, పక్కనుంచి లోహాన్ని ఒరుసుకుంటూ పోయేలా వేసి చూడండి. నంబరుకూ నంబరుకూ మధ్య భాగాన్ని తుడవడం మరిచిపోకూడదు, ఎందుకంటే 80 నంబరు రేణువు ఒక్కటి 320 పేపరు కింద చిక్కుకుంటే పొడవాటి గీత గీసి కూర్చుంటుంది.

ఇక గుంటల మాట. వాల్వ్ కవరు లోపలివైపు గుండ్రని పిన్ను ముద్రలు ఉన్నాయా చూడండి. ఉంటే అది ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపిన డై కాస్టింగు. అటువంటి భాగాలకు పైపొర గట్టిగా, నిండుగా ఉంటుంది. దాని కింద లోహంలో చిక్కిన గాలి బుడగలు ఉంటాయి. ఎంత లోతుకు అరగదీస్తే అన్ని గుంటలు తేలతాయి గనుక, దాని మీద 80 వాడకుండా 180తోనో 240తోనో మొదలుపెట్టి, పైపొర దాటకముందే ఆగాలి. తేలిన గుంటలను వెల్డింగుతో పూడ్చవచ్చు గాని, పూరక తీగ మిశ్రమం వేరైతే మెరుగు పెట్టాక ఆ చోటు మచ్చలా వేరే రంగులో కనిపిస్తుంది.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, యంత్రాల సంగతి కొంత చెబుతాను.

అల్యూమినియం మెత్తనిది, కోసే పళ్ల మధ్య అతుక్కుపోయే గుణం గలది. ఉక్కు కోసం చేసిన సన్నపళ్ల బర్ నిమిషాల్లో పూడుకుపోతుంది. వెడల్పాటి గాడులున్న అల్యూమినియం బర్ వాడి, మధ్యమధ్యలో దానికి మైనం గాని, చుక్క కిరోసిన్ గాని తగిలిస్తే పొట్టు అంటుకోకుండా రాలిపోతుంది. గొట్టాల మధ్య సందులకు చీలిక పెట్టిన సన్నని కడ్డీకి సాండ్ పేపరు పట్టీ చుట్టి డై గ్రైండరుకు బిగించుకోవచ్చు. వేలెడంత వెడల్పు పట్టీని రెండు చేతులతో అటూ ఇటూ లాగుతూ గొట్టం వంపు మీద రుద్దడం కూడా యంత్రానికి ఏమీ తీసిపోదు. అయితే నిజంగా వేలు కూడా పోని మూలలను మెరిపించే ప్రయత్నం మానుకోవడమే మంచిదని నా ఉద్దేశం. అక్కడ గరుకుగా, ఒకే రంగులో వదిలేసి, కంటికి కనిపించే గుండ్రని భాగాలకు మాత్రమే మెరుగు పెడితే ఆ తేడా కావాలని చేసినట్టే ఉంటుంది.

మీ దగ్గర ఉన్నది మెత్తని నూలు బఫ్ ఒక్కటే అయితే, 800 దాకా చేత్తో లాగవలసి వచ్చింది అందుకే. సైసల్ నార చక్రం ఒకటి సంపాదించి, దానికి ఎమరీ కలిసిన నల్ల బఫింగు సబ్బు పట్టించండి. అది 320 లేదా 400 నంబరు గీతలను తానే తినేస్తుంది. తరువాత కుట్లు వేసిన నూలు చక్రం మీద గోధుమరంగు ట్రిపోలి సబ్బు, చివరగా కుట్లు లేని వదులు చక్రం మీద తెల్ల సబ్బు. ఒక చక్రానికి ఒకే సబ్బు వాడాలి; రెండూ కలిశాయంటే ముతకదే గెలుస్తుంది.

బఫ్ చేశాక నల్లటి జిడ్డు పేరుకుంటే అది సబ్బు ఎక్కువైందనడానికి గుర్తు. చక్రాన్ని గీకి శుభ్రం చేసి, సబ్బును కొద్దికొద్దిగా తాకించండి. భాగం మీది జిడ్డును సుద్దపొడితో మెత్తని గుడ్డకు ఎక్కించి తుడిస్తే వదులుతుంది. భాగాన్ని ఎప్పుడూ చక్రం మధ్యరేఖకు దిగువన, అంచు కిందికి చూసేలా పట్టుకోవాలి. పై అంచును చక్రానికి ఎదురుగా అందిస్తే, అది భాగాన్ని చేతిలోనుంచి లాక్కుని నేలకేసి కొడుతుంది. చేతులకు వదులు తొడుగులు వేసుకుని ఆ చక్రం దగ్గర నిలబడడం అన్నిటికంటే ప్రమాదకరం.

మూడవ జవాబు

మెరుగు గురించి ఇంత చర్చ జరిగినా, అది ఏ లోహమో ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొన్ని పాత కార్ల పోత భాగాలు మెగ్నీషియం మిశ్రమంతో చేసినవి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్ క్రాంక్ కేసు అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మెగ్నీషియం భాగం చేతిలో పట్టుకున్నప్పుడు అల్యూమినియం కంటే సుమారు మూడోవంతు తేలికగా ఉంటుంది. కనిపించని చోట కొద్దిగా గీకి వెనిగర్ చుక్క వేస్తే మెగ్నీషియం మీద వెంటనే బుడగలు వస్తాయి. దాని పొడి నిప్పురవ్వకే అంటుకుంటుంది, నీళ్లు పోస్తే మరింత రేగుతుంది. ఆర్పడానికి పొడి ఇసుక దగ్గర ఉంచుకోవాలి. అటువంటి భాగానికి ఇంట్లో యంత్రంతో మెరుగు పెట్టవద్దని నా గట్టి సలహా.

అల్యూమినియం పొడి విషయంలోనూ నిర్లక్ష్యం తగదు. సన్నని పొడి గాలిలో కమ్ముకున్నప్పుడు రవ్వ పడితే పేలుతుంది. అది పేరుకున్న బల్ల మీదే ఇనుమును గ్రైండరుతో కోయకూడదు. బెంచి గ్రైండరు రాతి చక్రానికి అల్యూమినియం ఆనించడం కూడా తప్పే. లోహం రాతి రంధ్రాల్లో నిండి, వేడెక్కి, చక్రం పగిలే ప్రమాదం ఉంది. రేణువులను ఆపగల మాస్కు, కంటి అద్దాలు తప్పనిసరి.

అద్దపు మెరుపే కావాలా అన్నది కూడా ఆలోచించుకోండి. పోత మిశ్రమాల్లో సిలికాన్ గణనీయంగా ఉంటుంది కాబట్టి ఎంత రుద్దినా క్రోమియం పూత అంత తెల్లగా రాదు, లేత బూడిద ఛాయ మిగులుతుంది. పైగా పూత లేని మెరుగు కొంతకాలానికి మసకబారుతుంది. మైనం పట్టిస్తూ ఉండాలి. క్లియర్ లక్క వేద్దామంటే నునుపు మీద అది సరిగా పట్టదు. బ్రాకెట్టు వంటి చిన్న భాగాలను కంపించే టంబ్లరు డబ్బాలో సిరామిక్ గుళికలతో వేసి వదిలేస్తే మీ చేతులకు పని లేకుండా పట్టులాంటి నునుపు వస్తుంది. గాజు పూసలను గాలి ఒత్తిడితో చిమ్మే బ్లాస్టింగు చేయిస్తే సందులతో సహా అంతా ఒకే మాట్ రంగుకు వస్తుంది, కాని నూనె దారుల్లో ఒక్క పూస మిగిలినా బేరింగులకు ముప్పు. వాల్వ్ కవరు లోపలి అడ్డుపలకను విప్పకుండా బ్లాస్టింగుకు ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెనిగర్ వేసి చూశాను, మూడింటి మీదా బుడగలు రాలేదు. వాల్వ్ కవరు లోపల పిన్ను ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. మానిఫోల్డు మాత్రం ఇసుక అచ్చుదే. మరో సందేహం: మానిఫోల్డు గొట్టాల లోపలి భాగాన్ని, గాస్కెట్ (కారకుండా భాగాల మధ్య పెట్టే పట్టీ) కూర్చునే ముఖాన్ని కూడా ఇదే వరుసలో నునుపు చేయవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు

గాస్కెట్ ముఖాన్ని బఫ్ చక్రం దరిదాపులకు తీసుకెళ్లకండి. బఫ్ అంచులను గుండ్రంగా తినేస్తుంది, ఆ తరువాత నూనె గాని గాలి గాని కారకుండా ఆపడం కష్టం. పని మొదలుపెట్టకముందే ఆ ముఖానికి గట్టి టేపు అంటించి, దాని మీద పాత గాస్కెట్‌నో పలుచని రేకునో బిగించండి. బోల్టు మరలను పాత బోల్టులతో మూసేయండి. మీది కార్బ్యురేటరు ఇంజిన్ అయితే గొట్టాల లోపల అద్దపు నునుపు అవసరం లేదు, మంచిది కూడా కాదు. ఇంధనపు తుంపరలు నున్నటి గోడకు అంటుకుని ధారగా జారిపోతాయి. లోపల అతుకు గీతలు తీసి 80 దగ్గరే ఆపేయండి.

వాల్వ్ కవరు మీద మీరు ఇప్పటికే 240కి వెనక్కి వెళ్లారు కాబట్టి పైపొర ఎంత మిగిలిందో చెప్పలేం. ఇంకా లోతుకు పోకుండా, ఉన్న గుంటలతోనే 400 వరకు తెచ్చి, సైసల్ చక్రం మీద ఒక మూల మాత్రం పరీక్షించండి. ఆ మూల మీకు నచ్చకపోతే కవరును బ్లాస్టింగుకు పంపి, మానిఫోల్డుకు మాత్రమే మెరుగు పెట్టండి.