ఆత్మహత్యల నివారణపై కాలనీ సభలో ఏం మాట్లాడాలి?

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నివాసి):
సెప్టెంబరు 10న, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం నాడు, మా కాలనీ సంఘం తరఫున అవగాహన సభ పెట్టాలనుకుంటున్నాం. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఒంటరిగా ఉంటున్న పెద్దలు వస్తారు. అయితే పిల్లల ముందు ఈ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని సంఘంలో కొందరు అభ్యంతరం చెబుతున్నారు. వారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేకపోతున్నాను. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (విశ్రాంత నర్సు, మానసిక వైద్య విభాగం):
ఆ భయం సహజమే. కానీ "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని ఆప్యాయంగా, సూటిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది, లోలోపల కుమిలిపోతున్నవారికి ఆ ప్రశ్న నోరు విప్పే అవకాశమిస్తుంది. ఎవరు ఏ విధంగా చనిపోయారో వర్ణించినప్పుడు, ఒక మరణానికి మార్కులో ప్రేమో అప్పులో ఏకైక కారణమని తేల్చేసినప్పుడు మాత్రం నిజంగానే హాని జరుగుతుంది. సభలో ఆ రెండూ వద్దు.

సమయమంతా ఎలా అడగాలో, అడిగాక ఏం చేయాలో నేర్పడానికే వెచ్చించండి. రెండు వారాలుగా దిగులు వీడకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, తాను అందరికీ భారమయ్యానని మాటల్లో దొర్లినా అడగాలి. అవునన్న సమాధానం వస్తే "అలాంటి పాడు మాటలు మాట్లాడకు" అని నోరు మూయించకుండా చివరిదాకా వినాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చూసి, వెంట ఉండి వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. ధైర్యంగా ఉండమని చెప్పి పంపేయడం నా దృష్టిలో సహాయం కానే కాదు.

జవాబు (గాజువాక నుంచి):
కుంగుబాటుకు చికిత్స పొందినవాడిగా ఒక మాట చేర్చమని కోరుతున్నాను. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల గేటు దగ్గర తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న జంకుతోనే చాలామంది ఆగిపోతారు. కుంగుబాటుకు ఎక్కువమంది ఇంట్లో ఉంటూనే చికిత్స తీసుకుంటారనీ, మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, కాస్త తేరుకోగానే వైద్యుణ్ని అడగకుండా మానేయకూడదనీ చెప్పండి. నాకు ఓపిక పట్టాల్సిన ఆ మొదటి వారాలే అన్నిటికంటే కష్టంగా గడిచాయి. అప్పుడు ఇంట్లోవాళ్ల తోడు చాలా అవసరం.

జవాబు (న్యాయవాది, మధురవాడ):
పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలున్నాయి కనుక చట్టం సంగతి కూడా చెప్పండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాపాయం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మాట్లాడే తోడు కావాలనుకునేవారికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఫోన్ సహాయ సేవ (14416) ఉచితంగా, 24 గంటలూ, తెలుగులోనూ అందుబాటులో ఉంది. ఆ నంబరును సభలోనే అందరి చేతా ఫోన్లలో ఎక్కించుకునేలా చేయండి.