తోచక అల్లాడుతున్న జర్మన్ షెపర్డ్‌కు మరో ఇల్లు చూడడం ఎలా?

ప్రశ్న: మియాపూర్ నివాసి

మా ఇంట్లో భైరవ అనే మగ జర్మన్ షెపర్డ్ ఉంది. రెండేళ్ల కిందట వానాకాలంలో ఔటర్ రింగు రోడ్డు పక్క దారిలో ఎవరో కరెంటు స్తంభానికి కట్టేసి వెళ్ళిపోతే, ఎముకలు తేలిన స్థితిలో ఇంటికి తెచ్చుకున్నాము. అప్పుడు 21 కిలోలు, ఇప్పుడు 36. వయసు సుమారు నాలుగేళ్లని డాక్టరు గారి అంచనా.

తెచ్చినప్పుడు మేమిద్దరమూ ఇంటి నుంచే పనిచేసేవాళ్ళం. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్ళాలి. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడున్నర దాటుతుంది. ఇంట్లో మా అత్తగారు ఉంటారు గానీ, మోకాళ్ళ నొప్పులతో ఆమె దాన్ని బెల్టు పట్టుకొని నడిపించలేరు. ఉదయం ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు నడక; మిగిలిన కాలమంతా ఐదో అంతస్తులోని రెండు పడక గదుల ఫ్లాటే దాని లోకం. తలుపు చట్రం కొరికింది, వాషింగ్ మెషీన్ గొట్టం తెంపింది, లిఫ్టు తెరుచుకున్న ప్రతిసారీ మొరుగుతుంది. రెండు నెలలుగా తన తోక చుట్టూ తానే గిరగిరా తిరుగుతోంది. అదే నాకు అన్నిటికన్నా భయం కలిగిస్తోంది. ఇంతవరకు ఎవరినీ కరవలేదు. అత్తగారి కాళ్ళ దగ్గర గంటల తరబడి పడుకుంటుంది. పిల్లిని చూస్తే మాత్రం ఆగదు.

సిద్దిపేట వైపు ఆరెకరాల మామిడితోట ఉన్న మా బంధువు కాపలాకు ఇమ్మంటున్నారు. స్థలం ఎక్కువ ఉన్న చోటికి పంపడమే న్యాయమని మావారు అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. అలాగని ఇక్కడ దాన్ని ఇలా ఉంచడం కూడా తప్పేనని తెలుస్తూనే ఉంది. తోటకు పంపవచ్చునా? వద్దంటే మంచి ఇల్లు ఎలా వెతకాలి?

జవాబు: హన్మకొండ నుంచి, పదిహేనేళ్లుగా షెపర్డ్‌లను పెంచుతున్న వ్యక్తి

అమ్మా, తోట ఎన్ని ఎకరాలన్నది మన లెక్కే గాని కుక్క లెక్క కాదు. జర్మనీలో 1899 నుంచి ఒక పద్ధతిగా ఈ జాతిని తీర్చిదిద్దింది గొర్రెల మందల కోసం. మంద అంచున రోజంతా పరుగెత్తుతూ, ఒక కన్ను గొర్రెల మీద, ఒక కన్ను కాపరి మీద పెట్టుకొని, అతని సైగ కోసం ఎదురుచూడడమే దాని ఉద్యోగం. మనిషి లేని ఆరెకరాలలో అది మీ ఫ్లాటులో లాగానే తోక చుట్టూ తిరుగుతుంది. తేడా ఏమిటంటే అక్కడ దాన్ని చూసి బాధపడేవారు ఉండరు.

మీ బంధువును మూడు సంగతులు అడగండి. పగలు కుక్క ఎక్కడ ఉంటుంది? అన్నం ఎవరు పెడతారు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మోటారు షెడ్డు దగ్గర గొలుసుతో కట్టి రాత్రి వదులుతామని జవాబు వస్తే, ఇక ఆలోచించకండి. కాపలా మనిషి మారిన రోజున దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా మన పల్లెల్లో అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా పెట్టే కరెంటు తీగలు, ఉచ్చులు ఉంటాయి. పట్నం నుంచి వచ్చిన కుక్కకు అవేవీ తెలియవు.

ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. కాని మొదటి తప్పుకు అందులో ఉన్న జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ చట్టం ధైర్యంతో కుక్కను ఇవ్వలేము. మనిషిని చూసి ఇవ్వాలి.

జవాబు: విజయవాడ, పశువైద్యుడు

ఇల్లు వెతకడం మొదలుపెట్టే ముందు ఒకసారి పూర్తి పరీక్ష చేయించండి. తోక చుట్టూ తిరగడం ఈ జాతిలో తరచుగా కనిపించే లక్షణం. అది తోచక మొదలై, తరువాత మాన్పించడం కష్టమైన అలవాటుగా ముదరవచ్చు. తోక దగ్గర పుండు, గ్రంథుల వాపు, చర్మం దురద వంటి కారణాలు కూడా ఉండవచ్చు. తుంటి కీళ్ళ లోపం షెపర్డ్‌లలో ఎక్కువ కాబట్టి ఎక్స్‌రే తీయించడం మంచిది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం పైకి కనిపించకుండా కూడా ఉంటుంది కనుక రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య చూడాలి. కొత్త యజమానికి ఈ కాగితాలన్నీ చేతికివ్వడం నిజాయితీ.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా కాకపోతే, ఇచ్చే ముందే చేయించండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఛాతీ లోతుగా ఉండే ఇటువంటి పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. కాబట్టి కడుపునిండా తిన్న వెంటనే పరుగెత్తించకూడదు.

జవాబు: కూకట్‌పల్లి

నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. స్తంభానికి కట్టేసినవాడు ఒకసారి వదిలేశాడు, మీరు రెండోసారి వదిలేస్తున్నారు. రోజూ మధ్యాహ్నం వచ్చి గంటసేపు నడిపించే మనిషిని పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత దూరం ఎందుకు? పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరుగుపొరుగు వారికి భయపడి ఈ నిర్ణయం తీసుకోకండి.

జవాబు: విశాఖపట్నం, ఆశ్రయం లేని కుక్కలకు తాత్కాలికంగా ఇంట్లో చోటిచ్చే గృహిణి

పై మాటలో సగం నిజం ఉంది. నడిపించే మనిషిని వెంటనే పెట్టుకోవలసిందే. ఇల్లు దొరకడానికి నెలలు పట్టవచ్చు, అంతవరకు అది ఇలాగే ఉండకూడదు. అయితే తగిన ఇంటిని ఓపికగా వెతికి, చూసి, అప్పగించడానికీ, స్తంభానికి కట్టేసి పోవడానికీ పోలిక లేదు. ఆ అపరాధ భావంతోనే చాలామంది తొందరపడి, అడిగిన మొదటివారికే ఇచ్చేస్తారు.

ముందు ఈ వారం నుంచే చేయగలిగినవి. కుక్క అలసిపోవడానికి కాళ్ళ కంటే ముక్కు తొందరగా పనికివస్తుంది. గిన్నెలో అన్నం పెట్టడం మానేసి, దాని ఆహారాన్ని పాత తువ్వాలు మడతల్లోను, అట్టపెట్టెల్లోను, గది మూలల్లోను దాచి వెతికించండి. నేను ఉప్పు వేయని పెరుగన్నం ఇడ్లీ రేకుల గుంటల్లో నింపి ఫ్రీజరులో గడ్డకట్టించి ఇస్తాను. దాన్ని నాకి ఖాళీ చేసేసరికి అరగంట పడుతుంది. మీ అత్తగారు కూర్చున్న చోటు నుంచే ఈ పని చేయించవచ్చు. ఉల్లిపాయ కలిసినవి మాత్రం పెట్టకండి. నడకలో వాసన చూస్తానంటే బెల్టు లాగకుండా చూడనివ్వండి. సెలవు రోజున కొండాపూర్‌లోని కుక్కల పార్కుకు తీసుకువెళ్ళవచ్చు గాని, రద్దీ లేని వేళ చూసుకోండి.

ఇక ప్రకటన సంగతి. ‘ఉచితం’ అనే మాట ఎక్కడా రాయకండి. పిల్లలు పెట్టించి అమ్ముకునేవారి చూపు మొదట దాని మీదే పడుతుంది. ‘చాలా బుద్ధిమంతుడు’ అని కూడా రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి: నాలుగేళ్లు, 36 కిలోలు, ఒంటరిగా వదిలితే తలుపు కొరుకుతుంది, పిల్లులున్న ఇంటికి తగదు, పెద్దవారి దగ్గర నెమ్మదిగా ఉంటుంది, రోజుకు కనీసం గంటన్నర పని కావాలి. ఇది చదివి పదిమంది తప్పుకుంటారు. వారు తప్పుకోవడమే మనకు కావలసింది. మీ డాక్టరు గారికి, హైదరాబాద్ బ్లూ క్రాస్ వంటి సంస్థలకు కూడా చెప్పి ఉంచండి. కాని తావు లేని ఆశ్రమాలలో పెద్ద కుక్కకు బోనే గతి కాబట్టి, కుక్కను మీ దగ్గరే ఉంచుకొని ఇల్లు వెతకడం మేలు.

అడిగినవారి ఇంటికి మీరు వెళ్ళండి. వారిని మీ ఇంటికి రప్పించి, అది మొరిగే వేళ, తలుపు కొరికిన గుర్తులు చూపించండి. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది అని అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే నేను ఇవ్వను. ఆ ఇంట్లో కుక్క వద్దనేవారు ఒక్కరున్నా ఇవ్వకండి. రెండు వారాలు చూడడానికని పంపి, కుదరకపోతే మీకే తిరిగి ఇవ్వాలనీ, మరెవరికీ ఇవ్వకూడదనీ కాగితం మీద రాయించుకోండి. మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, గేటు దాటి మీ కోసం పరుగెత్తవచ్చు. మెడ బెల్టు మీద ఫోను నంబరు ఉండాలి. మా అనుభవంలో కొత్త ఇల్లు తనదనుకోవడానికి మూడు నెలలు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు, ఆరు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. తోట వద్దని మా బంధువుకు చెప్పాము, కొంత నొచ్చుకున్నారు. పరీక్షలో తుంటి కీళ్ళు బాగానే ఉన్నాయి గాని పిడుదుల జ్వరం బయటపడింది, మందులు పూర్తయ్యాయి. ఆపరేషన్ కూడా చేయించాము. మధ్యాహ్నం నడిపించడానికి ఒక అబ్బాయి వస్తున్నాడు. ఇడ్లీ రేకుల పని మా అత్తగారు తన చేతిలోకి తీసుకున్నారు. తోక చుట్టూ తిరగడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

ప్రకటన చూసి తొమ్మిదిమంది ఫోను చేశారు. అందులో ఏడుగురు మళ్ళీ చేయలేదు. ఎనిమిదో ఆయన, దానికి ఆపరేషన్ అయిందని చెప్పగానే ఫోను పెట్టేశారు. మిగిలిన ఒక కుటుంబం శంకర్‌పల్లి వైపు మొక్కల నర్సరీ నడుపుతూ అక్కడే కాపురముంటోంది. పగలంతా ఎవరో ఒకరు మొక్కల మధ్య తిరుగుతూనే ఉంటారు. పన్నెండేళ్లు పెంచిన కుక్క నిరుడు చనిపోయిందని, దాన్ని పాతిపెట్టిన వేపచెట్టు కింద చోటు చూపించారు. భైరవ ఆ ఇంటాయన వెనకాలే నీళ్ళ పైపు పట్టుకొని మూడు గంటలు తిరిగింది. అడ్డంకి ఒక్కటే, వారి పెరట్లో కోళ్ళు ఉన్నాయి. వాటికి వల కట్టిస్తామన్నారు. వల కట్టాక వచ్చే ఆదివారం మళ్ళీ తీసుకువెళుతున్నాము; అది చూశాకే రెండు వారాల లెక్క మొదలుపెడతాము.