కాంతారావు సినిమాల్లో కనబడే ఆ తీగని చెరిపేయాలా, ఉంచాలా?

రీలుపెట్టె:

పోయిన ఆదివారం మా అక్క కొడుకుతో కూర్చుని యూట్యూబ్‌లో ఒక పాత కాంతారావు జానపద సినిమా (రాజులు, మాంత్రికులు, కత్తియుద్ధాలు ఉండేది) చూశాను. వాడికి 11 ఏళ్ళు. మాంత్రికుడు చెయ్యి ఊపగానే గోడకున్న కత్తి ఊడి, గాల్లో తేలుతూ రాజకుమారుడి మీదికి వస్తుంది. వాడు వెంటనే "మామయ్యా, దారం కనిపిస్తోంది" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. కానీ వాడు లేచి వెళ్ళలేదు. టీవీ దగ్గరికి జరిగి, ఆ దారం ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత గంటసేపు కదల్లేదు. మొన్న కోట్లు పోసి తీసిన ఒక కొత్త సినిమాలో డ్రాగన్ వచ్చినప్పుడు ఇదే పిల్లాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

సినిమా పేరు కావాలనే చెప్పట్లేదు, చెప్తే చర్చంతా దాని మీదికే పోతుంది. నా ప్రశ్న ఇది. రేపు ఎవరైనా ఈ జానపదాలని బాగుచేసి మళ్ళీ విడుదల చేస్తే, ఆ తీగల్ని చెరిపేయాలా, ఉంచాలా? నేనైతే ఉంచాలంటాను. ఆ సినిమాల అందం సగం అక్కడే ఉంది. చేతిలో డబ్బు లేక చేతులతో చేసిన మాయ అది.

కొత్తకళ్ళు:

రీలుపెట్టె గారూ, నేను హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేస్తాను. తీగలు చెరపడమే నా ఉద్యోగం. ఫైట్‌లో హీరో ఎగిరే షాట్లు మా దగ్గరికి రోప్‌తోనే వస్తాయి. ఒక్కో ఫ్రేమూ తెరిచి, రోప్ తీసేసి, దాని వెనక ఉండాల్సిన ఆకాశాన్నో గోడనో పూడుస్తాం. సెకనుకి 24 ఫ్రేములు. నా అభిప్రాయం అయితే చెరిపేయాలనే.

ఆ తీగ కనబడాలని ఎవరూ కట్టలేదు కదా. సన్నటి తీగ వెతికి, మెరవకుండా నల్లరంగు పూసి, వెనక చీకటిగా ఉండేలా చూసుకుని కట్టుంటారు. నెగటివ్ నుంచి ప్రింటు తీసి, ఆ ప్రింటు ఊళ్ళు తిరిగి, గీతలు పడి టూరింగ్ టాకీసుకి చేరేసరికి తెర మీద అంత సన్నటి వివరం మిగలదు. ఇప్పుడు నెగటివ్‌నే స్కాన్ చేస్తే ఆనాటి ప్రేక్షకుడు చూడనిది కూడా బయటపడుతుంది. వాళ్ళు దాచాలని తంటాలు పడినదాన్ని మనం చూపించి "ఎంత ముచ్చటగా ఉందో" అంటే అది వాళ్ళకి గౌరవం కాదండీ.

రీలుపెట్టె:

మంచి మాట చెప్పారు, నేనిలా ఆలోచించలేదు. కానీ మేం చూసింది మసక కాపీ. అందులోనే పిల్లాడి కంటికి దొరికిందంటే, అప్పటి హాల్లో ఒక్కరికీ కనబడలేదంటే నమ్మలేను.

మాస్క్‌షాట్:

కనబడేది బాబూ. నేను చెప్తాను. 1979లో మద్రాసులో కెమెరా అసిస్టెంట్‌గా చేరాను. జానపదాలకి పేరుపడ్డ దర్శకుడు విఠలాచార్య గారి యూనిట్‌లో చెయ్యలేదు గానీ, ఆ తరహా చిన్న సినిమాలకి చేశాను. బరువు లేని వస్తువుకి సన్న తీగ చాలు. ఇనప కత్తికో మనిషికో లావు తీగ కావాలి, అది లైటు పడితే మెరుస్తుంది. హాల్లో కొందరికి కనబడేది, అయినా ఈలలు ఆగేవి కావు.

అయితే మీరిద్దరూ తీగ దగ్గరే ఆగిపోయారు. అసలు పనితనం కెమెరాలో ఉంది. ఒకే ఫ్రేములో రాక్షసుడు పెద్దగా, హీరో వేలెడంత కనబడాలి. లెన్సు ముందు నల్ల అట్టముక్క పెట్టి సగం మూస్తాం. రాక్షసుణ్ణి ఎడమవైపు తీస్తాం. ఫిల్ము ఎన్ని అడుగులు తిరిగిందో మీటరు చూసి రాసుకుని, లెన్సు మూసి, అదే ఫిల్ముని వెనక్కి తిప్పుతాం. ఇప్పుడు అట్టని రెండోవైపు పెట్టి హీరోని దూరంగా నిలబెట్టి తీస్తాం. కెమెరా కాళ్ళకి ఇసుక మూటలు కట్టి, ఆ చుట్టుపక్కల ఎవర్నీ నడవనిచ్చేవాళ్ళం కాదు. ఒకసారి నా పంచె అంచు స్టాండుకి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ల్యాబ్ నుంచి రష్ (తీసిన షాట్ల తొలి ప్రింటు) వచ్చాక చూస్తే, ఫ్రేము మధ్యలో తలుపు చెక్క రెండుగా విడిపోయి వణుకుతోంది. పొద్దుటి రాక్షసుడూ పోయాడు, మధ్యాహ్నం హీరో కూడా పోయాడు. 45 ఏళ్ళవుతోంది, ఆ తలుపు నాకింకా కళ్ళ ముందే ఉంది.

1000 అడుగుల ఫిల్ము 11 నిమిషాలు తిరుగుతుంది. దాన్ని వృథా చేసే స్తోమత చిన్న నిర్మాతకి ఉండేది కాదు. అందుకే ఏ షాటు ఎక్కడ తెగాలో ముందే కాగితం మీద ఉండేది. కత్తియుద్ధం సెకనుకి 24 ఫ్రేములకి బదులు 18 ఫ్రేముల్లో తీస్తే తెర మీద వేగం వస్తుంది. మనిషి మాయమవ్వాలంటే స్టాప్ బ్లాక్. అందరూ కదలకుండా బిగుసుకుని నిలబడతారు, కెమెరా ఆపుతాం, మాయమయ్యేవాడు పక్కకి తప్పుకుంటాడు, మళ్ళీ కెమెరా తిప్పుతాం. విసిరిన కత్తి తిరిగి చేతికి రావాలంటే రివర్స్ షాట్, అంటే తీసింది తెర మీద వెనక నుంచి ముందుకి నడుస్తుంది. ఇవన్నీ తెలిసినవాళ్ళు చేసిన పని. దాన్ని "చవక సినిమా" అంటే బాధగా ఉంటుంది.

పాతబస్తీ ప్రొజెక్టర్:

పెద్దాయన మాట మీద గౌరవం ఉంది. కానీ ఈ మొత్తం వాదన చిన్నప్పటి జ్ఞాపకాల మీద నడుస్తోంది. తక్కువ డబ్బే మాయకి మూలమైతే, డబ్బూ టైమూ పెట్టి తీసిన పాతాళ భైరవి (1951), మాయాబజార్ (1957) ఎందుకు ఇంకా బాగుంటాయి? వాటిని తీసిన విజయా సంస్థ వాళ్ళు దేనికీ వెనకాడలేదు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా, ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్ళడం, ఎక్కడా అతుకు కనబడదు. మాయాబజార్‌ని 2010లో రంగుల్లోకి మార్చి వదిలితే జనం మళ్ళీ హాళ్ళకి వెళ్ళారు. పేదరికాన్ని పట్టుకుని అందం అనకండి. డబ్బుంటే విఠలాచార్య కూడా ఇంకా బాగా తీసేవాడు.

ఇంకోటి. 70ల చివరికొచ్చేసరికి ఈ సినిమాల్లో డాన్సులు, ఆడవాళ్ళని చూపించిన తీరు ఇంట్లో కూర్చుని చూడ్డానికి ఇబ్బందిగా ఉంటాయి. రాజకుమారి ఎప్పుడూ ఎవరో గెలుచుకునే బహుమతే. ఇదెవరూ మాట్లాడరు.

చందమామ అట్ట:

రెండోది ఒప్పుకుంటాను అన్నా, నాక్కూడా ఇబ్బందే. మొదటిదానితో మాత్రం గొడవ పెట్టుకుంటాను.

మా అమ్మమ్మది తెనాలి పక్క పల్లెటూరు. కరెంటు పోయిన రాత్రుళ్ళు ఒక కోడలి కథ చెప్పేది. అత్త వంటింట్లోకి తొంగి చూస్తే, కోడలు కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వండుతూ ఉంటుంది. అప్పుడు తెలుస్తుంది అది దెయ్యమని. అమ్మమ్మ అక్కడ ఆగి తన కాళ్ళు చీరలోకి లాక్కునేది. మా పిల్లలందరం కాళ్ళు ముడుచుకునేవాళ్ళం.

పెద్దయ్యాక విఠలాచార్య గారి జగన్మోహిని (1978) చూశాను. అందులో దెయ్యం అచ్చం అలాగే కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ షాటుకి ఏం ఖర్చవుతుంది చెప్పండి? ఒక పొయ్యి, ఒక మనిషి, కాస్త మంట. నూరు కోట్లిచ్చినా అంతకంటే భయపెట్టే కోడల్ని తీయలేరు. ఎందుకంటే అది తెర మీద పుట్టింది కాదు, మన వంటిళ్ళలో ఎప్పటినుంచో ఉంది. విఠలాచార్య గారు ఉడుపి వైపు మనిషి. మైసూరులో కన్నడ సినిమాలతో మొదలుపెట్టి మద్రాసు వచ్చి తెలుగు జానపదాలు తీశారు. మా అమ్మమ్మ కథ ఆయనకెలా తెలిసింది? బహుశా వాళ్ళ అమ్మమ్మ కూడా చెప్పే ఉంటుంది.

డబ్బు తక్కువైనప్పుడు దర్శకుడు ఇలాంటి కథల దగ్గరికే రావాలి. సెట్టు వేయలేడు, గుంపుల్ని నిలబెట్టలేడు. నేననేది అంతే. పాతాళ భైరవి గొప్పదే, కాదనను. కానీ అది రాజుగారి భోజనం. ఇది పొయ్యి పక్కన కూర్చుని అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్ద.

సురభి వాళ్ళ నాటకం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తెర మీద కాదు, మన కళ్ళెదుటే స్టేజీ మీద మనిషి గాల్లో లేస్తాడు. అక్కడ తీగ ఉందని పిల్లలకి కూడా తెలుసు. చప్పట్లు మాత్రం ఆగవు.

కోదాడ బస్సు:

ఇంతసేపూ టెక్నిక్ గురించే మాట్లాడుతున్నారు, మనిషిని మర్చిపోయారు. మా కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టినాయన కాంతారావు గారు. కత్తి కాంతారావు అంటేనే జనం గుర్తుపడతారు. ఎన్టీఆర్ గారు బందిపోటు (1963)లో కత్తి పట్టినా, ఆయన చేయని చిన్న జానపదాలన్నిటికీ దిక్కు కాంతారావే. వెనకాల కోట గోడ అట్టతో చేసిందని తెలుస్తూనే ఉంటుంది. కానీ ఆయన కత్తి దూసి నిలబడితే ఆ నిలబడే తీరులో రాజరికం ఉంటది. అట్ట గోడని రాతి గోడ చేసింది ఆ మనిషి.

సొంతంగా సినిమాలు తీసి ఉన్న ఆస్తి పోగొట్టుకున్నాడు. 2009లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. తక్కువ బడ్జెట్‌లో అందం ఉంది, ఒప్పుకుంటా. ఆ తక్కువ ఎవరి చేతుల్లోంచి తగ్గిందో కూడా చెప్పుకోవాలె.

పాతబస్తీ ప్రొజెక్టర్:

కోదాడ అన్నా, ఆ గోడ మాట నిజం. నా వాదనలో నటుణ్ణి లెక్కేసుకోలేదు. డబ్బుంటే ఇంకా బాగా తీసేవాడన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కొత్తకళ్ళు:

మాస్క్‌షాట్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఆయన చెప్పిన పద్ధతిలో ఫ్రేము రెండు సగాలు కలిసే చోటి అతుకుని నేనైతే ముట్టుకోను. మసకగా కదిలే ఆ గీత లోపమే, కానీ రెండు పూటల పని ఎక్కడ కలిసిందో దాంట్లో కనబడుతుంది. తీగ విషయంలో మాత్రం మారను. ఒక పని చేయొచ్చు. తీగ ఉన్న స్కాన్ యథాతథంగా దాచి, చెరిపింది వేరే కాపీగా ఇవ్వాలి. చూసేవాళ్ళే ఎంచుకుంటారు.

రీలుపెట్టె:

రెండు కాపీల పద్ధతికి నేను సరే. కానీ పిల్లలకి మొదట చూపించేది తీగ ఉన్నదే కావాలి. మా వాడు నిన్న ఫోన్‌లో స్టాప్ బ్లాక్ చేశాడు, వాళ్ళ చెల్లెల్ని మాయం చేశాడు. కిటికీ వెలుగు మారి నేల మీద నీడ గెంతింది. "నీడ ఎలా ఆపాలి మామయ్యా" అని అడుగుతున్నాడు. తీగ కనబడకపోయి ఉంటే వాడు ఈ ప్రశ్న అడిగేవాడు కాదు.

మాస్క్‌షాట్:

కర్టెన్ వేసి ట్యూబ్‌లైటు వెలుగులో తీయమని చెప్పు.

నాదొక మాట. ఏ కాపీలో ఏం చెరపాలని మీరు తేల్చుకునేలోగా, ఆ నెగటివ్‌లు ఎక్కడున్నాయో చూడాలి. పాత ఎసిటేట్ ఫిల్ము వేడికీ చెమ్మకీ పాడైతే పుల్లగా వెనిగర్ వాసన వస్తుంది, తర్వాత ముడుచుకుపోతుంది. అప్పుడు చెరపడానికి తీగా ఉండదు, కత్తీ ఉండదు. 1990ల్లో ఒక నిర్మాత గోడౌన్‌లో డబ్బా మూత నేనే తీశాను. లోపల ఫిల్ము బెల్లం పాకంలా అతుక్కుపోయి ఉంది. పుణెలో 1964 నుంచి ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. మీలో ఎవరికైనా పాత నిర్మాతల కుటుంబాలు తెలిసుంటే, అటకల మీద డబ్బాలున్నాయేమో ఈ ఎండాకాలం రాకముందే అడగండి. మూత తీసి వాసన చూసి ఇక్కడ రాయండి, ఏం చేయాలో నేను చెప్తాను.

కోదాడ బస్సు:

మా వైపు ఇద్దరు ముగ్గురు తెలుసు పెద్దాయనా. ఆదివారం పోయి అడిగొస్తా.