గట్ల మీద టేకు, పక్కన జామాయిల్: ధర ఎలా తేల్చుకోవాలి?

గట్టుచెట్టు: భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. గట్ల వెంట 20 ఏళ్ల టేకు 140 చెట్లు, పక్కనే మూడెకరాల జామాయిల్, నాలుగో ఏడు. వ్యాపారి రెండూ కలిపి గంపగుత్తగా అడుగుతున్నాడు. ఆయన చెప్పే ధరకీ, అడితిలో (కలప అమ్మే డిపోలో) టేకు ధరకీ పొంతన లేదు. ఆ తేడా ఎక్కడికి పోతోంది?

చేవకర్ర: ముందు ఆ రెంటినీ విడదీయండి. టేకు ఘనపుటడుగుల లెక్క, జామాయిల్ టన్నుల లెక్క. కలిపి బేరమాడితే ఏది ఎంతకు పోయిందో మీకు ఎప్పటికీ తెలియదు.

అడితి ధర అంటే నరికి, కోసి, ఆరబెట్టి పేర్చిన చెక్క ధర. మీరు అమ్మేది నిలువు చెట్టు. మధ్యలో నరుకుడు కూలి, లారీ, అనుమతుల తిరుగుడు, సామిల్లు కోత ఉంటాయి. వీటికి మించినది తరుగు. లేత టేకులో తెల్లచెక్క (పై మెత్తటి పొర) ఎక్కువ, చేవ (నడిమి గట్టి చెక్క) తక్కువ. దుంగలో సుమారు సగమే పనికొచ్చే చెక్కగా తేలుతుంది. అందుకే అడితి ధర నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. వ్యాపారి లాభం కూడా తీసేశాక మిగిలేదే మీ చెట్టు విలువ.

టేపుకొలత: కొలత దగ్గరే ఎక్కువ పోతుంది. మన దగ్గర వాడుకలో ఉన్నది పావు చుట్టుకొలత పద్ధతి. దుంగ నడుమ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో హెచ్చించి 144తో భాగించాలి. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉంటే 4.5 ఘనపుటడుగులు (వాడుకలో వీటినే ‘అడుగులు’ అంటారు). అసలు ఘనపరిమాణం 5.73. అంటే పద్ధతిలోనే 21 శాతానికి పైగా తగ్గింపు ఉంది. అది మోసం కాదు, అందరూ ధర చెప్పేది ఆ అడుగు మీదే. కానీ దాని మీద ఇంకో తరుగు అడిగితే ఒప్పుకోవద్దు.

తొక్క మీద కొలుస్తారా, తీసి కొలుస్తారా అన్నది ముందే తేల్చుకోండి. తొక్క అర అంగుళం మందం ఉంటే చుట్టుకొలతలో 3 అంగుళాలకు పైగా పోతుంది. పై దుంగే 4.5 నుంచి 3.75కు పడిపోతుంది. రెండో చోటు సన్నకొస. చుట్టుకొలత మొదలు 40, కొస 28 అంగుళాలు ఉన్న 15 అడుగుల మానును నడుమ 34 దగ్గర కొలిస్తే 7.5 అడుగులు, కొస దగ్గర కొలిస్తే 5.1.

సామిల్లుబాబు: దానికి తోడు ఒక మాట. ఆ 15 అడుగుల మానును రెండు ఏడున్నరలుగా కోయించండి. మొత్తం అడుగులు పెద్దగా మారవు, కానీ మొదలు ముక్క నడుము 37 అంగుళాలతో లావు తరగతిలో పడుతుంది. లావు పెరిగేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది. ఏడడుగుల గుమ్మానికి అదే పనికొస్తుంది. కోతమనిషి తొందరలో ఆరున్నర దగ్గర తెంచితే గుమ్మం పోయి కిటికీ సరుకవుతుంది.

గట్టు చెట్లకు కంచె తీగ కొట్టి ఉంటే ఆ మేర చెప్పేయండి. మేకు రంపాన్ని పాడుచేస్తుంది. దాచిపెడితే ఆ ఒక్క చెట్టు అనుమానం మొత్తం లాటు ధర మీద పడుతుంది.

గోదారిగట్టు: అనుమతి సంగతి మర్చిపోవద్దు. సొంత పట్టా భూమి అయినా టేకుకు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి కావాలి. పాసుపుస్తకం, చెట్ల జాబితాతో అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. చెట్లు చూసి అనుమతిస్తారు. నరికాక దుంగలు కొలిచి సుత్తి ముద్ర వేస్తారు. రవాణా పర్మిట్ వచ్చాకే లారీ కదలాలి. భూమి అడవి హద్దుకు ఆనుకుని ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఈ పని మీరే ముందు చేసుకుంటే ధర పెరుగుతుంది, ఎందుకంటే పర్మిట్ లేని సరుకుకు వ్యాపారి పట్టుబడే భయం కూడా కలిపి తగ్గించి అడుగుతాడు. జామాయిల్‌కు ఇంత తతంగం ఉండదు.

గట్టుచెట్టు: ఉపయోగపడిందండీ. 140 చెట్లూ ఒకేసారి కొట్టాలా?

చేవకర్ర: అక్కర్లేదు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ప్రతి చెట్టు చుట్టుకొలతా తీసి, నంబరు వేసి పుస్తకంలో రాసుకోండి. 36 అంగుళాలు దాటినవే అమ్మి మిగతావి ఉంచండి. 30 నుంచి 36కు లావెక్కితే అదే పొడవులో కలప 44 శాతం పెరుగుతుంది, తరగతి మారినందుకు ధర అదనం. డబ్బు అత్యవసరం కాకపోతే సన్నవాటిని తాకకండి.

టన్నులెక్క: జామాయిల్‌కు సారపాక కాగితం మిల్లు దగ్గరే కాబట్టి అడగాల్సినవి వేరు. ధర తోట దగ్గరా, మిల్లు గేటు దగ్గరా? తొక్కతోనా, తీసా? నరుకుడు, లోడింగు ఎవరివి? కాటా ఎక్కడ? నరికినప్పుడు సగం నీరే అనుకుంటే, 100 టన్నుల పచ్చికర్ర 35 శాతం తేమకు ఆరేసరికి 77 టన్నులవుతుంది. పచ్చి ధర మాట్లాడి లారీ కోసం వారాలు ఆగితే ఆ 23 టన్నులూ మీవే పోతాయి. నరికే తేదీ, ఎత్తే తేదీ రెండూ కాగితం మీద రాయించుకోండి.

మోడు గురించి కూడా రాయించండి. నేలకు 10–15 సెంటీమీటర్ల ఎత్తులో, ఏటవాలుగా, తొక్క చీలకుండా రంపంతో కోయాలి. గొడ్డలితో చితక్కొడితే చిగుళ్లు సరిగా రావు, తర్వాతి కోత అక్కడే దెబ్బతింటుంది. చిగురించాక మోడుకు రెండు బలమైన కొమ్మలు ఉంచి మిగతావి తీసేయండి.