సకినాలు లోపల గట్టిపడుతున్నాయి, సలహా కావాలి

సంక్రాంతికి మా నాయనమ్మ చేసిన సకినాలు వేళ్ల మధ్య నొక్కితేనే విరిగేవి. చిక్కడపల్లిలోని మా ఇంట్లో నేను మూడుసార్లు చేస్తే, మొదటి రెండుసార్లు వచ్చినవి మాత్రం పైన కరకరలాడుతూ లోపల రాయిలా ఉన్నాయి. కిలో సోనా మసూరి బియ్యాన్ని 8 గంటలు నానబెట్టి, నీరు వార్చి, గుడ్డపై అరగంట ఆరబెట్టి, తడి ఉండగానే గిర్నీలో పట్టించి, 150 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు కలిపి, చుట్టిన వాటిని బట్టపై 20 నిమిషాలు ఉంచి మధ్యస్థమైన సెగపై వేయించాను. రెండోసారి చుట్టాక గంటసేపు ఆరనిచ్చినా ఫలితం మారలేదు. మూడోసారి పిండిలో కాచిన నూనె కలిపితే అవి మూకుడులోనే విడిపోయాయి. వెన్న వేయమని కొందరన్నారు గానీ, అది వేస్తే సకినం రుచి మురుకు రుచిగా మారుతుందని నా అభిప్రాయం. లోపల కూడా గుల్లగా రావాలంటే బియ్యం రకాన్ని మార్చాలా, లేక వేయించే సెగను మార్చాలా?